పెట్టెకు మెడ లేదు

మా నిసాకు గొంతు ఇచ్చిన దేవుడు కాస్త లౌక్యం ఇవ్వడం మరిచాడు. దాని తల్లికి అక్కను, దానికి ముస్తాబు చేసేదాన్ని, నేను కాక ఈ మాట ఇంకెవరంటారు?

గుడి తిరునాళ్లలో ఆ మధ్యాహ్నం నిసా పాట కచేరీ, మా ఊళ్లో మాలీ అనే ఆవిడ కొడుకు తాన్ కోసం. పసివాడి గుండెకు చిల్లు. ఆపరేషన్ ఖర్చు సర్కారుదే. కానీ పట్నంలో వాడి మంచం పక్కన నెల రోజులు ఉండాలంటే మాలీ దగ్గర బస్సు ఛార్జీకి కూడా దిక్కులేదు. శుక్రవారానికి చేర్చకపోతే వాడి వంతు ఇంకొకరికి పోతుంది. అందుకే నిసా వేదిక మీద చందాలకు చెక్కపెట్టె పెట్టించింది.

మా వైపు పాడేవాళ్ల మెడలో నోట్లు గుచ్చిన దండ వేస్తారు. వేసినవాళ్ల పేరు మైకులో చెప్పాలి. ఊరిపెద్ద బుంతాన్ దండ వేశాడు. నిసా పేరు చెప్పింది, దణ్ణం పెట్టింది, వెంటనే దండ తీసి పెట్టెలో పడేసింది.

ఆయన చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగాడు. "నేనేసింది నీ మెళ్లో అమ్మాయ్. ఈ పెట్టెకి మెడెక్కడుంది?"

జనం నవ్వారు. ఆ తర్వాత ఒక్కరూ లేవలేదు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

"పాట అయిందాకా ఉంచుకుంటే నీ సొమ్మేం పోయేదే?"

"వాడి డబ్బు మెళ్లో వేసుకుని కులకనా పెద్దమ్మా?"

"కులకవే. ఇప్పుడు పెట్టె మీద ఈగ కూడా వాలట్లేదు."

అప్పుడు మాలీ వేదికెక్కింది. జబ్బుపడ్డవాళ్లకూ ప్రయాణమయ్యేవాళ్లకూ మేం నోటు మడిచి మణికట్టుకు కట్టే తెల్లదారం ఆమె చేతిలో ఉంది.

"వాడు మంచం దిగలేడు. వాడి బదులు నీ చెయ్యియ్యమ్మా."

ఆమె నిసా చేతికి కట్టగానే ఒక ముసలమ్మ లేచింది, ఆమె వెనక ఇంకో నలుగురు. ఒక్కో ముడికీ నిసా మైకులో "తాన్" అంటూ వచ్చింది. వెనకబడిపోతానని బుంతాన్ కూడా పెద్దనోటు కట్టి, మైకు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తాన్," అంది నిసా.

"మరి నా పేరు?"

"దారం వాడికి కట్టారుగా మామా."

ఆయన చెయ్యి ముడి దాకా వెళ్లి ఆగిపోయింది. కట్టిన దారం మూడు రోజుల దాకా విప్పకూడదని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

మాలీ శుక్రవారం బస్సెక్కింది. పోగైన డబ్బు సగం నెలకే సరిపోతుంది. మిగతా సగానికి వచ్చే వారం నిసా పాటకు ఇంకో ఊరు, ఇంకో పెద్దమనిషి. నా కడుపుమంటల్లా అదే. పిల్లవాడి గుండెకు చిల్లు పడితే వీళ్లకు పేరు కావాలి.