ఫోన్ ఆమెకు ఇవ్వండి

గోరుచిక్కుడు కాయలకు ఈనెలు తీస్తూ, రాష్ట్రంలో డిగ్రీ చదివిన పిల్లలందరి భవిష్యత్తు గురించి మాట్లాడే మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే పొద్దున్నే నాచారంలో మా వంటింటికి రండి. ల్యాప్‌టాప్ గట్టు మీద, పోపులడబ్బా పక్కన ఉంటుంది. కెమెరా ఆపేసి, మైకు ఆపేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను కింద పీట మీద ఉంటాను. "విజయశ్రీ గారూ, ఉన్నారా?" అని అటునుంచి అడగగానే చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, మైకు తెరిచి, "ఉన్నాను సార్" అనాలి. సరిగ్గా అప్పుడే వెనకనుంచి అత్తయ్య "విజయా, చారులో ఇంగువ వేశావా?" అంటుంది. మొన్న ఒక జిల్లా కోఆర్డినేటర్ కూడా "వేశారా మేడం?" అని అడిగాడు. వేశానని అందరి ముందూ ఒప్పుకున్నాను.

మీటింగ్ అయ్యాక మిగతా పని ఉప్పల్లో. మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో ఒక అద్దె భవనంలో మా ఆఫీసు. నేను కాంట్రాక్టు మీద పనిచేసే డేటా అనలిస్టును. రాష్ట్రంలోని కాలేజీలన్నిటి వివరాలూ ఒకచోట చేర్చి, ఎవరు చేరారు, ఎవరు మధ్యలో మానేశారు, డిగ్రీ అయ్యాక ఎవరు ఏమయ్యారు అన్నది ఒకే తెర మీద కనపడేలా చేస్తున్నాం. నాకీ పని ఇష్టం. ఇష్టమని ఇంట్లో అనను. అంటే "ఇష్టమైతే అది పనెలా అవుతుంది?" అంటాడు మా ఆయన జగన్మోహన్. కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. "రెన్యువల్ రాకపోతే హాయిగా మానెయ్ విజ్జీ, అమ్మకు మోకాళ్లు కూడా బాగోలేవు" అని నాకు ఇప్పట్నుంచే వీడ్కోలు సభ పెట్టేశాడు. అత్తయ్య మోకాళ్లు నా ఉద్యోగం ఉన్న రోజుల్లో మరీ నొప్పెడతాయి. కాలనీలో భజన ఉంటే ఆ పూటకు తగ్గుతాయి.

ఆఫీసులోనూ హాస్యానికి లోటు లేదు. పెళ్లయిన అమ్మాయిలను 'సక్సెస్' కింద వెయ్యాలా, వద్దా అని రెండు మీటింగులు నడిచాయి. "మంచి సంబంధమైతే సక్సెస్ కిందికే వస్తది గద" అన్నాడొకాయన. సంబంధం మంచిదో కాదో ఎవరు తేల్చాలన్న దగ్గర ఆగిపోయారు. అక్కడున్న మగవాళ్లంతా పెళ్లయినవాళ్లే. తాము దేని కిందికి వస్తారో ఒక్కరూ అడగలేదు.

చదువు ముగించినవాళ్లు ఏం చేస్తున్నారో తెలియాలంటే ఫోన్ చేసి అడగాలి. అంతమందికి మనుషులు చేయలేరు కాబట్టి కంప్యూటరే ఫోన్ చేస్తుంది. ఉద్యోగం చేస్తుంటే ఒకటి, పై చదువు చదువుతుంటే రెండు, ఏమీ చేయకుండా ఇంట్లో ఉంటే మూడు నొక్కండి అంటుంది. ఆ మూడో మాట రాసింది మా అధికారి ఉమామహేశ్వర్ సార్. 'ఇంటి పని' అని పెడదామన్నాను. "గట్ల పెడితే సగం రాష్ట్రం అదే నొక్కుతది మేడం. గ్రాఫ్ మొత్తం ఖరాబైతది" అన్నాడు. గొంతు కోసం వేరే మనిషిని పెట్టుకోవడానికి బడ్జెట్ లేదు. "మీ గొంతు మంచిగుంటది, మీరే చదువున్రి" అన్నాడు. చప్పుడు పడకూడదని ఫ్యాన్ ఆపేసిన స్టోర్ రూంలో, చెమటలు కక్కుతూ నేనే చదివాను. పేరు వచ్చే చోట కంప్యూటరే నా గొంతుతో ఆ పేరు కలుపుకుంటుంది. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన "ఊఁ" అని పెరుగు గిన్నె అందుకున్నాడు.

కంప్యూటర్‌కు వచ్చిన జవాబుల్లో కొన్నిటిని గ్రేసీ మళ్లీ ఫోన్ చేసి సరిచూస్తుంది. గ్రేసీది జనగామ పక్కన పల్లె, నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. గురువారం వచ్చి నా బల్ల మీద కూర్చుంది.

"మేడం, ఆడపిల్లలకు చేస్తే ఆడపిల్ల తప్ప అందరు ఎత్తుతున్రు. నాయిన ఎత్తుతడు, మొగడు ఎత్తుతడు, అత్త ఎత్తుతది. ఇప్పుడొక మామ ఎత్తిండు. కోడలు ఏం చేస్తదని అడిగితే, ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది అన్నడు. ఎనక కుట్టుమిషన్ గడగడ నడుస్తుంది. ఎవరు కుడుతున్రు మామా అంటే, ఇంకెవరు, కోడలే, కాలనీ జాకెట్లన్నీ ఆమెనే కుడతది అన్నడు."

నేను సార్ దగ్గరికి వెళ్లాను. జవాబు ఆ అమ్మాయే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా లెక్కలోకి రాకూడదు అన్నాను. ఆయన నెమ్మదిగా టీ తాగాడు.

"అట్లయితే జవాబులు సగానికి పడిపోతయ్ మేడం. సోమవారం సాయంత్రం సెక్రటరీ గారికి చూపియ్యాలె. ఇంట్ల ఎవరు చెప్తే ఏంది? అందరిదొకటే జవాబు. మీ రెన్యువల్ ఫైలు గూడ నా దగ్గర్నే ఉంది, జర ఆలోచించున్రి."

బెదిరించలేదు. ప్రసాదం చూపించినట్టు ఫైలు చూపించాడంతే. ఆలోచిస్తానన్నాను. ఇంటికొచ్చే దారి పొడుగునా, ఉద్యోగం ఉంటేనే కదా తర్వాతైనా మార్చేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆడవాళ్లకు ఈ సర్దుబాటు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది.

ఆదివారం పొద్దున పెసరట్లు. నేను పొయ్యి దగ్గర, తల్లీకొడుకులు హాల్లో. మా ఆయన ఫోన్ మోగింది. వేళ్లకు అల్లం పచ్చడి ఉండటంతో చిటికెన వేలితో స్పీకర్ నొక్కాడు.

"నమస్కారం. మీ ఇంట్లో డిగ్రీ చదివిన విజయశ్రీ గారి వివరాల కోసం ఈ ఫోన్."

అది నా గొంతు. నేను చదివింది ఇక్కడి కాలేజీలోనే. పెళ్లయ్యాక సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దరఖాస్తు ఈయనే నింపి, ఫోన్ నంబరు తనది వేశాడు. నేను అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. గుర్తుపట్టి నవ్వుతాడని నిజంగానే ఎదురుచూశాను.

"ఎవర్రా ఆ అమ్మాయి? గొంతు ముద్దుగా ఉంది" అంది అత్తయ్య.

"రికార్డింగమ్మా."

"ఎంత మర్యాదగా మాట్లాడుతోందో చూడు. కొందరు ఎంత చదివినా ఆ మెత్తదనం రాదు" అని నావైపు చూసింది.

నా గొంతు మూడు వరకూ చెప్పింది. మా ఆయన మూడు నొక్కాడు.

"అదేంటండీ, నేను ఉద్యోగం చేస్తున్నాను కదా?"

"కాంట్రాక్టేగా. రేపు పోతే మళ్లీ మార్చుకోవాలి. మూడైతే ఎప్పటికీ కరెక్టే. ఇంకో అట్టు వెయ్యి, ఉల్లిపాయలు ఎక్కువ."

"ధన్యవాదాలు. మీ సమాచారం నమోదైంది" అంది నా గొంతు.

ఏమీ చేయడం లేదని నా మొగుడు చెబితే నేనే ఆయనకు ధన్యవాదాలు చెప్పాను. వెళ్లి ఉల్లిపాయలు ఎక్కువేసి అట్టు పోశాను. ఈ గొంతే ఎనిమిదేళ్లుగా ఆయన్ని పొద్దున్నే లేపుతోంది, కాఫీ చల్లారిపోతోందంటోంది, తువ్వాలు తలుపు వెనక ఉందంటోంది, గ్యాస్ బండ అయిపోవచ్చిందంటోంది, అత్తయ్య మాత్ర వేసుకుందో లేదో అడుగుతోంది. వంటింట్లోంచి వస్తే అది గోల, ఫోన్లోంచి వస్తే మర్యాద. ఏడుపొచ్చింది, మండిపోయింది, ఆ మీద నవ్వూ వచ్చింది. రాష్ట్రంలో ఇట్లా ఎంతమంది పొయ్యి దగ్గర నిలబడి తమ జవాబు ఇంకొకరు నొక్కుతుంటే విన్నారో. ఇన్నాళ్లూ వాళ్ల కోసం సార్‌తో పోట్లాడుతున్నాననుకున్నాను. నేనూ వాళ్లలో ఒకదాన్నే. ఆలోచించమన్నాడు కదా, అట్టు తిరగేసేలోపు ఆలోచించడం అయిపోయింది.

సోమవారం గ్రేసీని వెంటబెట్టుకుని సార్ గదిలోకి వెళ్లాను.

"సార్, ఇంట్లో ఎవరు చెప్పినా ఒక్కటే అన్నారు కదా. ఒక్క ఫోన్ చేసి చూద్దాం, మీ ఇంటికే."

ఆయన నవ్వి, "చెయ్యున్రి" అన్నాడు. గ్రేసీ స్పీకర్ పెట్టి, తేనె పోసినట్టు అడిగింది.

"నమస్తే మేడం, సర్వే. మీ సారు ఏం చేస్తరు?"

"సారా? ఏం జేస్తడమ్మ" అంది ఆవిడ. "పొద్దుగాల వోతడు, పొద్దూకి వస్తడు. వచ్చినంక సోఫల వడి ఫోన్ సూస్కుంట ఉంటడు. ఏం జెయ్యడు."

"అయితే మూడు నొక్కమంటరా మేడం?"

"ఏదో ఒకటి నొక్కు బిడ్డా, పాలు పొంగుతున్నయ్."

ఫోన్ పెట్టేసింది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంటామె మజాక్ చేస్తది" అన్నాడు.

"నమోదు చెయ్యమంటారా సార్?" అన్నాను.

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే, ఆమెనే అడుగున్రి. ఆ మూడోది గూడ మీ ఇష్టమున్నట్టు రాసుకోన్రి. జవాబులు తక్కువొస్తే మాత్రం సెక్రటరీ గారికి మీరే జెప్పాలె" అన్నాడు. చెబుతానన్నాను. సాయంత్రం చెప్పాను కూడా. రెన్యువల్ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఫైలు ఇంకా ఆయన దగ్గరే ఉంది.

మర్నాడు స్టోర్ రూంలో ఫ్యాన్ ఆపి మళ్లీ చదివాను. గ్రేసీ ఇంకో వాక్యం చెప్పింది, సార్‌ను అడక్కుండానే అదీ చేర్చి చదివాను. ఎవరు నొక్కారో తెలియని ఆ పాత జవాబులన్నీ కొట్టేసి, ఆ నంబర్లకు కంప్యూటర్‌తో మళ్లీ ఫోన్లు చేయించాం.

బుధవారం సాయంత్రం ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. హాల్లో ఫోన్ మోగింది, స్పీకర్లో నా గొంతు వినపడింది. కాసేపటికి మా ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నీకేనట. మూడు నొక్కితే ఒప్పుకోవట్లేదు. ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ అదే మాట."

ఫోన్లో నా గొంతు తీరిగ్గా అంటోంది: "ఈ ప్రశ్న విజయశ్రీ గారికి మాత్రమే. ఫోన్ ఆమెకు ఇవ్వండి. ఆమె తీసుకున్నాక సున్నా నొక్కాలి. ఆమె పనిలో ఉంటే ఆ పని మీరు అందుకోండి. మేము ఆగుతాము."

అట్లకాడ ఆయన చేతిలో పెట్టి ఫోన్ తీసుకుని సున్నా నొక్కాను. "తిప్పుతూ ఉండండి, మాడుతుంది" అన్నాను. ఆయన తిప్పాడు.

"జీతం వచ్చే ఉద్యోగం చేస్తుంటే ఒకటి, పై చదువు చదువుతుంటే రెండు, జీతం రాని పని చేస్తుంటే మూడు నొక్కండి. ఒకటి కంటే ఎక్కువ నొక్కవచ్చు."

"ఎవర్రా ఆ గయ్యాళి?" అంది అత్తయ్య హాల్లోంచి.

"నేనే అత్తయ్యా" అన్నాను. ఒకటి నొక్కాను, మూడు కూడా నొక్కాను.