యాకయ్య తడమని పైపు

బాయిలర్ పక్కన బల్ల మీద కూర్చుని యాకయ్య సద్ది విప్పుతుంటే పద్మలత చూపు పైకి పోయింది. ఆయన తలకు రెండు మూరల పైనే కొత్త ఆవిరి పైపు. ఈ పత్తిగింజల నూనె మిల్లులో ఇరవై ఏండ్లుగా బాయిలర్ నడిపేది యాకయ్యే. ఆ పైపు ఎంచింది మాత్రం పద్మలత. ఆమె ఇక్కడ కొత్తగా చేరిన ఇంజినీరు.

కాల్చిన ఇనుప దిమ్మెను నడుమ తొలిచి సాగదీస్తే సీమ్‌లెస్ పైపు, దానికి అతుకుండదు. రేకును చుట్టి అంచులు అతికితే వెల్డెడ్ పైపు. అతుకు పైపు చెడ్డదేం కాదు. ఆవిరికి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చినవి కూడా దొరుకుతాయి. పద్మలత తెచ్చింది అది కాదు, నీళ్లకు వాడే మామూలు అతుకు పైపు. ఆవిరి ఒత్తిడికి ఆ అతుకు ఎప్పుడైనా పగలొచ్చు. డ్రాయింగులో సీమ్‌లెస్ అనే ఉంది. హైదరాబాద్ నుంచి రావడానికి తొమ్మిది రోజులన్నారు. అవతల ఎనుమాముల మార్కెట్టులో కొత్త పత్తి దిగింది. "ఏమ్మా ఇంజినీరమ్మా, బాయిలర్ ఈ ఏడన్నా అంటుపెడుతమా?" అని సేటు వెంకటేశ్వర్లు రోజుకు నాలుగుసార్లు అడిగేవాడు. ఆగమనడానికి ఆమెకు నోరు రాలేదు. బజార్లో ఉన్నది తెచ్చి, వెండిరంగు పూయించి, రిజిస్టర్లో 'సీమ్‌లెస్, సరిచూశాను' అని సంతకం పెట్టింది.

ఏ పైపు వచ్చినా బిగించే ముందు దాని మూతిలో వేలు పెట్టి చుట్టూ తడమడం యాకయ్య అలవాటు. అతుకుంటే సన్నని గీర వేలికి తగులుతుంది. ఈ పైపు వచ్చిన రోజు కూడా వంగాడు.

"నేను చూసిన కాకా" అంది పద్మలత.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు జూసినంక ఇంకేం ఫికర్ బిడ్డా. సదువుకున్న పిల్ల సంతకం పెట్టినంక నేను మళ్ల తడిమితే, నిన్ను నమ్మనట్టుంటది."

బాయిలర్ పనికి రాకముందు ఆయనా, ఆమె నాయనా మార్కెట్లో కలిసి బస్తాలు మోసినవాళ్లు. వాళ్ల వాడలో ఇంజినీరింగు చదివిన మొదటి మనిషి పద్మలత.

ఆ మాట విని పదకొండు రోజులైంది. రోజూ ఆయన ఆ పైపు కిందే తింటున్నాడు.

"రా బిడ్డా, మా ఇంట్ల మీ సమ్మమ్మ చిన్నమ్మ నీకని పచ్చిపులుసు కట్టిచ్చింది" అని యాకయ్య గిన్నె జరిపాడు.

"కాకా, అక్కడ కూసోకు."

"ఏమాయె? మీ ఇంజినీర్ల సదువుల బల్లకు గూడ లెక్కలుంటయా?"

"బాయిలర్ బంద్ చెయ్యి కాకా. అది సీమ్‌లెస్ కాదు. నీళ్ల పైపు. నాకు ఎరికే ఉండె."

యాకయ్య నవ్వు ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని, పొయ్యిలోకి మంటకు వేసే పొట్టు పడకుండా ఆపాడు.

పద్మలత రిజిస్టర్ తీసుకుని సేటు గదికి పోయి సంగతి చెప్పింది.

"నడుస్తాంది గదమ్మా. సీజనైనంక మారుద్దాం" అన్నాడాయన.

"నేను రాసింది అబద్ధం సేటూ." ఆయన ఎదుటే రిజిస్టర్లో ఆ వరుస కొట్టేసి, కింద ఉన్నదున్నట్టు రాసింది. "నా కొలువు మీ ఇష్టం. ఆ పైపు ఉన్నంతసేపు బాయిలర్ అంటుపెట్టొద్దు."

సేటు ఆ వరుసను రెండుసార్లు చదివాడు. తర్వాత హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు.

పైపు చల్లారాక యాకయ్య ఒక ముక్క విప్పించి వేలు పెట్టాడు. వేలు ఒకచోట ఆగింది. "గీర ఉన్నది" అన్నాడు. వేలు బయటికి తీసి, "ఆ రోజు తడమకపోవుడు నాదే తప్పు" అన్నాడు.

తిట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

సీమ్‌లెస్ పైపులు వచ్చిన రోజు కాగితాలన్నీ సరిచూసి, పద్మలత పక్కకు జరిగింది. "నువ్వు చూడు కాకా."

యాకయ్య ఎనిమిది పైపులనూ, ఒక్కోదాని రెండు మూతులనూ, తీరుబడిగా తడిమాడు. వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

"బాగున్నయ్ మేడం" అన్నాడు.

ఆయన ఆమెను అట్లా పిలవడం అదే మొదలు.