జ్వరం గొంతు

డబ్బింగ్ గదిలో గాలి ఆడకూడదు. ఫ్యాన్ తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుంది, ఏసీ వేస్తే అదీ పడుతుంది. అందుకే తలుపు బిగించి, అన్నీ ఆపేసి, లోపల ఉడికిపోతూ మాట్లాడతారు. బయటివాళ్ళు మాత్రం అదేదో చల్లగా కూర్చుని చేసే పని అనుకుంటారు.

ఆ పొద్దున ఆమెకు ఒళ్ళంతా ఒకటే నొప్పులు. గొంతు బొంగురుపోయింది. మరో రోజైతే ముసుగుతన్ని పడుకునేదే. కానీ ఆనాటి సీను, జబ్బుపడ్డ కూతురు తండ్రితో మాట్లాడేది. రాలేనని ఫోన్ చేస్తే డైరెక్టర్ ఎగిరి గంతేశాడు.

"ఆ గొంతే కావాలమ్మా! నటిస్తే వచ్చేది కాదది. వచ్చెయ్!"

పొగడ్తకు లొంగని మనిషెవరు? వెళ్ళింది.

తండ్రి పాత్రకు గొంతు ఇచ్చేది బాబాయ్. సొంత బాబాయేం కాదు, ఏళ్ళ తరబడి ఆమె పక్కన నిలబడి అలా అయ్యాడు. డెబ్బై దాటాయి, ఆయాసం ఉంది, అయినా నోరు తెరిస్తే కంచు మోగినట్టుంటుంది. ఆ మధ్య ఫ్లూ టీకా వేయించుకుంటానని ఆయన బయల్దేరితే ఆమే ఆపింది. "ఇప్పుడొద్దు బాబాయ్. టీకాకి జ్వరం వస్తే గొంతు పోతుంది. ఈ సినిమా అయ్యాక ఇద్దరం కలిసే వెళ్దాం." గొంతు అమ్ముకుని బతికేవాళ్ళకు ఒక్క పూట నలత కూడా కొండంత కనిపిస్తుంది. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇద్దరికీ ఒకటే మైకు. ఆమె దగ్గినప్పుడల్లా బాబాయ్ వీపు నిమిరాడు.

"ఒళ్ళు కాలిపోతోంది కదే! మాస్కయినా పెట్టుకోరాదూ?"

"పెట్టుకుంటే మాట మైకులో ముద్దముద్దగా పడుతుంది బాబాయ్. మామూలు జలుబేలే."

సీను అదిరిపోయిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఇంటికెళ్ళి మంచం ఎక్కింది, కొన్నాళ్ళకు లేచింది. బాబాయ్ మాత్రం మంచం మీంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు.

ఆమె వెళ్ళేసరికి ఆయన్ని అద్దాల గదిలో పెట్టారు. డాక్టరు చుట్టూ తిప్పకుండానే చెప్పింది. ఇది జలుబు కాదు, ఫ్లూ. ఊపిరితిత్తులకు పాకింది. వయసు మళ్ళినవాళ్ళనూ ఆయాసం ఉన్నవాళ్ళనూ తేలిగ్గా వదలదు. ఏటా టీకా వేయించుకుంటే ఇంత ముదిరేది కాదేమో. జ్వరం ఉన్నవాళ్ళు ఇల్లు కదలకపోతే ఇంకా మేలు. మూసిన గదిలో పక్కపక్కన ఉంటే ఒక్క దగ్గు చాలు.



బయట కుర్చీల్లో పిన్ని ఉంది, బాబాయ్ భార్య. ఆమెను చూడగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. సంచిలోంచి మాస్కు తీసి, తనే ఆమె చెవులకు తగిలించింది.

"నువ్వు లోపలికి పోకే తల్లీ. మొన్ననేగా లేచావు. మీ బాబాయ్ నుంచి మళ్ళీ నీకు అంటుకుంటుందేమో."

 ఆమె ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఎవరూ అడగలేదు. కానీ పిన్ని చేయి ఇంకా తన చేతిలోనే ఉంది.

"నా నుంచే ఆయనకి అంటింది పిన్నీ. జ్వరంతోనే వెళ్ళాను. టీకా వద్దన్నదీ నేనే."

పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది.

అద్దాల తలుపు తెరుచుకుంది. నర్సు గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన తాలూకు వాళ్ళు మీరిద్దరేనా?"

ఆమె సగం లేచింది.

"నేనొక్కదాన్నే" అంది పిన్ని.