పాపకు కంఠతా వచ్చిన నంబరు

నేను ఒక మీటల ఫోన్ని. వేలితో రుద్దితే వెలిగే అద్దం బిళ్లను కాదు, గట్టిగా నొక్కితే తప్ప పలకని పాతకాలపు రకాన్ని. నాలో బొమ్మలు రావు, వీడియోలు ఆడవు, వాట్సాప్ అంటే ఎలా ఉంటుందో కళ్లారా చూసి ఎరగను. అయినా నా ప్రాణం తోడేసింది ఆ వాట్సాపే అంటే నమ్ముతారా? చెబుతాను, వినండి. మీలో సగం మంది నాతో మాట్లాడినవాళ్లే అయినా నేను ఆశ్చర్యపోను.

ఉత్తరాన ఎక్కడో ఒక కర్మాగారంలో, తెల్లటోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న ఆడపిల్లలు నన్ను తయారుచేశారు. చివరి పిల్ల నా మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని "హలో" అని, తలూపి పెట్టెలో పడేసింది. ఆ తర్వాత లక్ష హలోలు విన్నాను. వాటిలో పనికొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రాజమండ్రి దుకాణంలో నన్ను కొన్నది బుల్లిరాజుగారు. కడియపులంకలో ఆయనకు పెద్ద నర్సరీ ఉంది. రెండేళ్లపాటు నాలోంచి లారీ డ్రైవర్ల మీద కేకలేసి, అద్దం ఫోను కొనుక్కున్నాక నన్ను మొక్కలకు నీళ్లు పెట్టే దొరబాబుకు దానం చేశారు. దానం అని ఆయనే ఊరంతా చెప్పుకున్నారు. దొరబాబు ఏ మూలనున్నా పిలిచి పని చెప్పవచ్చన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. దొరబాబు చేతులెప్పుడూ తడే కాబట్టి నేను అతని భార్య నూకరత్నం క్యారేజీ సంచిలోకి చేరాను. ఆమె అదే నర్సరీలో నల్ల కవర్లలో మట్టి నింపుతుంది.

వాళ్లకు ఒక్కతే కూతురు, లిఖిత. ఏడేళ్లు, రెండో తరగతి. నూకరత్నం పొద్దున్నే ఆ పిల్లకు జడేస్తూ ఒక్కో పాయకు నా నంబరులోని ఒక్కో అంకె చెప్పించేది. "ఎక్కడన్నా తప్పిపోతే ఎవరికన్నా ఈ నంబరు చెప్పు. అమ్మొచ్చేస్తది" అనేది. పది అంకెలూ అయ్యేసరికి జడ సగానికొచ్చేది, మిగతా సగానికి మళ్లీ మొదటినుంచి. ఎక్కాలు రాకపోయినా ఆ పిల్లకు నా నంబరు నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

ఒక మంగళవారం బడికి సెలవు. లిఖిత తల్లితోపాటు నర్సరీకొచ్చింది. మధ్యాహ్నం హైదరాబాదు లోడు ఎక్కిస్తున్నారు. క్రోటన్ల మధ్య దాక్కుంటే భలేగా ఉంటుందనుకుని లారీ ఎక్కి, మొక్కలపై కప్పే పచ్చవల మీద పడుకుని నిద్రపోయింది. మూడింటికి లారీ వెళ్లిపోయింది. నాలుగింటికి నూకరత్నం కూతుర్ని పిలిచింది. పిలుస్తూనే ఉంది.

అందరూ కాలవలోకి చూశారు. నర్సరీల మధ్య కాలవ ఉంటే పిల్లలు పోయేది అందులోకేనని అందరికీ ముందే తెలిసిపోతుంది కదా. నలుగురు ఈతగాళ్లు చీకటిపడేదాకా మునిగి లేచారు. బుల్లిరాజుగారు లారీ డ్రైవర్‌కు ఫోను చేశారు. "మొక్కలు తప్ప ఏం లేవండి" అన్నాడతను. అబద్ధం కాదు, అతను చూసింది మొక్కల్నే. పోలీసులు ఫిర్యాదు రాసుకుని ఫొటో అడిగారు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫొటో. కృష్ణాష్టమికి బడిలో కృష్ణుడి వేషం వేస్తే స్టూడియోలో తీయించినది. మొహానికి నీలం రంగు, నామం, నెమలి ఈక, చేతిలో అట్టముక్క పిల్లనగ్రోవి. బుల్లిరాజుగారు దాన్నే తన ఫోన్లోకి ఎక్కించి, కింద పాప పేరూ వయసూ రాసి, ఆచూకీ తెలిస్తే ఈ నంబరుకు చెప్పమని నా నంబరు పెట్టారు. చివర ఇంకో ముక్క తగిలించారు: మానవత్వం ఉంటే పదిమందికి పంపండి.

అక్కడ వచ్చింది తంటా. మానవత్వం ఉందని నిరూపించుకోవడం బొటనవేలితో అయిపోతుందని తెలిశాక జనం ఆగుతారా?

బుధవారం తెల్లారేసరికి నా ఒళ్లు కాలిపోతోంది. ఒక ఫోను పెట్టేలోపు ఇంకొకటి. నూకరత్నం ప్రతిసారీ రెండు చేతులతో నన్ను పట్టుకుని, "ఎవరండీ? మా పాప కనబడిందాండీ?" అనేది. నూటికి ఎనభైమంది జవాబు ఒకటే.

"ఇది నిజమేనా, ఫేకా? నిజమైతే షేర్ చేద్దామని."

నిజమేనండీ అని ఏడ్చేది. "అయితే సరే" అని పెట్టేసేవారు. మహానుభావుల్లారా! కన్నతల్లి చేత తన కూతురు నిజంగానే పోయిందని రోజుకు రెండొందలసార్లు చెప్పించారు మీరు. సాక్ష్యం సరిపోయిందా?

ఇక మిగతా ఇరవై మంది సంగతి వినండి. ఒకాయన, పాప అంటున్నారు, ఫొటోలో బాబు ఉన్నాడేమిటని వాదించాడు. వేషమండీ అంటే, పోలీసు కేసులో వేషాలేమిటమ్మా అని కోప్పడ్డాడు. తుని నుంచి ఒకాయన అంజనం వేసి చూశాడట, పాప దక్షిణాన నీళ్ల పక్కన ఉందట. మన రాష్ట్రంలో దక్షిణాన నీళ్ల పక్కన లేని ఊరేదో ఆయనే చెప్పాలి. ఒక ఛానెల్ అమ్మాయి, "ఇందాక లైన్లో సౌండ్ సరిగా రాలేదండీ, ఇంకొక్కసారి అలాగే ఏడుస్తారా?" అని అడిగింది. ఇంకో పెద్దమనిషి, "కడియపులంకే కదా? బంగినపల్లి మామిడి అంట్లు ఉన్నాయా?" అన్నాడు. దొరబాబు ఆ ఫోన్లో ఏం మాట్లాడాలో తెలియక, "ఉన్నాయండి" అన్నాడు పాపం. నాకు నోరుంటేనా!

అందరూ అలాంటివాళ్లే అని నేనంటే పాపం తగులుతుంది. గురువారం మధ్యాహ్నం మదనపల్లి వైపు నుంచి ఒక ముసలావిడ చేసింది. ఆవిడ తమ్ముడు ముప్ఫై ఏళ్ల కిందట తిరునాళ్లలో తప్పిపోయాడట. "నువ్వు తిండి మానకు తల్లీ, పాప వచ్చేసరికి నీకు ఓపిక ఉండాల" అంటూ ముప్పావుగంట మాట్లాడింది. నూకరత్నం ఆ రోజు మొదటిసారి రెండు ముద్దలు తిన్నది ఆ మాటలు వింటూనే. అంత మంచి మనిషి. అయినా ఆ ముప్పావుగంటను నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఎందుకో చెబుతాను.

ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు పిలిస్తే నాకు తెలియదు. బయటినుంచి బయటే ఎంగేజ్ అని చెప్పి పంపేస్తారు.

శుక్రవారం పొద్దున ఒకాయన పిల్లల పెంపకం మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. "ఏడేళ్ల పిల్లని అలా గాలికి వదిలేస్తారా అమ్మా? మా ఇంట్లో అయితే గేటు దాటనివ్వం. కనీసం ఫోన్ నంబరైనా నేర్పావా?"

"నేర్పానండి. ఈ నంబరే నేర్పానండి" అంది నూకరత్నం. అని ఆగిపోయింది. ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె నన్ను చెవి దగ్గరనుంచి తీసి, పామును చూసినట్టు చూసింది.

"ఏవయ్యా!" అని కేక పెట్టింది. దొరబాబు పరిగెత్తుకొచ్చాడు. "పాపకొచ్చింది ఈ నంబరొక్కటే కదయ్యా! అది చేత్తే కలుత్తదా? మూడ్రోజుల్నించీ మనం దాని దారికి అడ్డం కూచున్నామయ్యా!"

ఇద్దరూ మోటారు షెడ్డులో ఉన్న బుల్లిరాజుగారి దగ్గరికి పరిగెత్తారు. నేను ఆమె చేతిలో మోగుతూనే ఉన్నాను.

"బాబూ, మీకు పుణ్యముంటది, మా నంబరు తీసేయండి."

"ఎలా తీత్తానమ్మాయ్? ఎక్కడెక్కడికో పోయింది. దుబాయ్‌లో మా బావమరిదికి కూడా వచ్చిందంట" అన్నారాయన, కాస్త గొప్పగానే.

"పోనీ మీ నంబరుతో ఇంకోటి పెట్టండి బాబూ."

"నా నంబరా? నాకు లోడ్ల ఫోన్లు వత్తాయి కదమ్మా. ఎంగేజైతే ఎలాగ?"

ఆయన చెడ్డవాడు కాదండోయ్. ఈతగాళ్లకు భోజనాలు పెట్టించింది ఆయనే. ఎంగేజైతే ఎలాగ అన్న మాట తన నోట్లోంచి వచ్చి తన చెవిలోనే పడలేదు, అంతే.

నూకరత్నం ఆ షెడ్డులోనే నేల మీద కూర్చుంది. మోటారు పక్కనున్న ప్లగ్గులో నా వైరు గుచ్చింది. అక్కడినుంచి ప్రతి ఫోనూ ఎత్తడం, "పాపా?" అనడం, అటునుంచి పాప గొంతు రాకపోతే పెట్టేయడం. అంతే. ఎవరు చెప్పేదీ వినలేదు. అంజనాలు లేవు, ఉపన్యాసాలు లేవు. "పాపా?" టక్. "పాపా?" టక్. నా జన్మలో అంత హాయి ఎరగను, అంత భయమూ ఎరగను.

జనానికి ఒళ్లు మండింది. సాయం చేయబోతే మొహాన పెట్టేస్తుందా! గంట తిరక్కుండా కొత్త రాతలు పుట్టాయి. దొరబాబు పక్కనున్న మనిషి తన ఫోన్లో చదివి వినిపించాడు, చదవకుండా ఉండలేకపోయాడు మరి. తల్లి ఫోనెత్తి పెట్టేస్తోందట. కళ్లలో తడే లేదట. ఇందులో ఏదో ఉందట, ముందు తల్లిని గట్టిగా అడగాలట. మానవత్వం ఉంటే పదిమందికి పంపాలట. నూకరత్నం వింది. తల ఎత్తకుండానే నా మీట నొక్కింది.

"పాపా?"

అటు లారీల రొద. ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత సన్నటి గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినది.

"అమ్మా, నేను నంబరు తప్పు చెప్పలేదే."

దొరబాబు నన్ను లాక్కుని, "అమ్మలూ! అమ్మలూ!" అని అరుస్తూనే ఉన్నాడు. ఎక్కడున్నావని అడగాలని కూడా తోచలేదు అతనికి. ఆఖరికి అవతలినుంచి ఒక ఆడమనిషే ఊరి పేరు చెప్పింది.

ఆవిడ పేరు సోమక్క. సూర్యాపేట దాటాక హైవే పక్కన టీకొట్టు. బుధవారం తెల్లవారుతుండగా ఆ కొట్టు ముందు లారీ ఆగితే, లిఖిత ఒంటికి పోసుకోవడానికి దిగింది. పిల్ల చెట్టు చాటునుంచి వచ్చేసరికి లారీ లేదు. సోమక్క దగ్గరికి తీసుకుని, నంబరు అడిగి, అప్పటినుంచీ ఫోను కొడుతూనే ఉంది. ఆ సాయంత్రం మేం వెళ్లినప్పుడు నూకరత్నం ఆమె కాళ్ల మీద పడబోతే లేవదీసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎన్నిసార్లు జేసిన్నో లెక్క లేదు చెల్లె. ఎప్పుడు జేసినా ఎంగేజే. పోలీసాయన గూడ రెండుసార్లు కొట్టి సూసి, రాసుకొని పోయిండు. పొల్ల ఏమో పులంక, పులంక అంటది, ఆ ఊరు ఈడ ఎవ్వరికి దెల్వది. నంబర్ తప్పు జెప్తున్నవా ఏంది అని నేనే కోపం జేసిన. అప్పటిసంది భయపడి, ఒక్కోపారి ఒక్కో నంబర్ జెప్పవట్టె. పొల్లను తీస్కపోనీకి పిల్లల హోమోళ్ల జీబు వస్తున్నదని ఆఖరిసారి మల్లా మొదటి నంబరే కొట్టిన."

తనకు తెలిసిన ఒకే ఒక్క నిజాన్ని, పెద్దవాళ్లు కోప్పడ్డారని, ఆ పిల్ల మార్చి మార్చి చెప్పిందన్నమాట. గురువారం మధ్యాహ్నం వరసగా ఆరుసార్లు చేశానని కూడా సోమక్క చెప్పింది. మదనపల్లి ముసలావిడ ఓదారుస్తున్న వేళ అది. నేను ఎవరిని తిట్టుకోను?

ఇంకో మాట కూడా చెప్పింది. పాప ఫొటో ఆమె కొట్టుకు కూడా వచ్చింది. బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న ఒకాయన, "అయ్యో, పాపం" అనుకుంటూ ఏడు గ్రూపులకు పంపాడట. టీ గ్లాసు అందించింది లిఖితే. ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే అందుకున్నాడు. తలెత్తినా ఆ నీలం రంగు కింద మొహం పోల్చేవాడో లేదో నాకు తెలియదు. కానీ ఎత్తలేదు.

పాప దొరికిందని బుల్లిరాజుగారు మర్నాడే పెట్టారు. దాన్ని పదిమందికి పంపమని రాయడం మరిచారు. అది పులంక దాటలేదు. పాత రాత మాత్రం ఇప్పటికీ ఊళ్లు తిరుగుతూనే ఉంది. నాకు ఫోన్లు ఆగలేదు. లిఖితకు తొమ్మిదేళ్లు వచ్చాయి, నా వెనక మూతకు రబ్బరు బ్యాండు వచ్చింది. మొన్న ఒకావిడ చేస్తే లిఖితే ఎత్తింది.

"పాప దొరికిందామ్మా?"

"నేనేనండి. దొరికానండి."

"ఛీ, ఆటలేంటి? పెద్దవాళ్లకివ్వు. ఆ పిల్ల ఇంకా దొరకలేదని ఇప్పుడే వచ్చింది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వేశాను కూడా."

లిఖిత నన్ను పెట్టేసి తల్లివైపు చూసి, "అమ్మా, నేను దొరికానని ఎవరికి చెప్పాలే?" అంది. నూకరత్నం పిల్లను దగ్గరికి లాక్కుంది.

పోయిన నెలలో రావులపాలెం బస్టాండుకు వెళ్లాం. గోడ మీద కొత్త కాగితం. ఎవరో బాబు, ఐదేళ్లు, కుడిచెంప మీద మచ్చ. చుట్టూ గుంపు. ఒకాయన ఫొటో తీసి పంపుతున్నాడు, ఇంకొకాయన ఆ నంబరుకు ఫోను కలిపి, "ఎంగేజొస్తోందండీ" అని విసుక్కుంటున్నాడు. నూకరత్నం ముందుకెళ్లి ప్రతి అక్షరమూ కూడబలుక్కుంటూ చదివింది. మచ్చ ఎక్కడుందో రెండుసార్లు చూసుకుంది. మా బస్సు వచ్చింది. కండక్టరు కేకలు వేస్తున్నాడు.

"ఏమ్మా, నీ దగ్గర కూడా ఫోనుందిగా, ఓసారి కొట్టి చూడు" అన్నాడు పక్కాయన.

ఆమె సంచిలోకి చెయ్యి పెట్టలేదు. లిఖిత చెయ్యి గట్టిగా పట్టుకుని, మొదటి బెంచీ దగ్గరనుంచి మొదలుపెట్టి, అక్కడున్న పిల్లల్ని ఒక్కొక్కరినే ఆగి, వంగి, మొహంలోకి చూసుకుంటూ వెళ్లింది. బస్సు వెళ్లిపోయింది. ఆమె అప్పటికి ఇంకా మూడో బెంచీ దగ్గరే ఉంది.