జీతం లేని కుటుంబం

మా క్లబ్బు ఓనరు మమ్మల్నందర్నీ తన కుటుంబంలో కలుపుకున్న రోజు నాకు బాగా గుర్తు. నా జీతం పోయింది ఆ రోజే.

నేను ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు ఉతుకుతాను. చేత్తో కాదు లెండి, పెద్ద మెషీన్లున్నాయి. అందులో ఒకటి తిరగడం మానేసి చాలా కాలమైంది, దాని మీద మడతపెట్టిన తువ్వాళ్ళు పెట్టుకుంటాను. స్టేడియం మెట్ల కింద గది నాది, కిటికీ లేదు. మా జట్టు గోలు కొడితే పైన జనం గంతులేస్తారు, కింద నా నెత్తిన సున్నం రాలుతుంది. ఈ మధ్య నా జుట్టు శుభ్రంగానే ఉంటోంది. ఎండలో ఆరేసుకునే వీలు లేదు కాబట్టి గదంతా ఎప్పుడూ తడి సాక్సుల వాసనే.

నాకు నోరెక్కువ. మీరు ఎలాగూ కనిపెట్టేస్తారు కనుక ముందే చెబుతున్నాను. మా అమ్మ పోయేనాటికి మా తమ్ముడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. వాణ్ణి పెంచింది నేను. బంతి కొనిపెట్టింది, పగిలిన మోకాళ్ళకు మందు రాసింది, వాడు చదవనని మొండికేస్తే వాడి తరఫున టీచర్లతో పోట్లాడింది కూడా నేనే. ఇప్పుడు వాడు మా జట్టుకి కెప్టెను. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి. ఆ వయసు డిఫెండర్ని ఇంకో క్లబ్బు కన్నెత్తి చూడదు. ఈ ఒక్క సీజను ఆడేస్తే, ఒప్పందం ప్రకారం వాణ్ణి పిల్లల జట్టుకి కోచ్‌గా ఉంచుతారు. ఆడకపోతే ఇంటికే. బంతి తన్నడం తప్ప వాడికి మరో పని చేతకాదు. అందుకని ఆ సీజను వాడికెంతో నాకూ అంతే.

ఇక మా ఓనరు సంగతి. ఆయన సిమెంటు అమ్మి కోట్లు గడించాడు, మేం చాటుగా సిమెంటాయన అంటాం. కప్పు గెలవాలన్న కోరికతో ఆయన ఒక స్ట్రైకర్ని కొన్నాడు. అతని జీతం ఎంతో నోటీసు బోర్డు మీద చూసి, మైదానంలో గడ్డి కోసే ముసలాయన, మేమంతా మామయ్య అంటాం, అది ఫోన్ నంబరనుకుని రాసుకున్నాడు. ఆ స్ట్రైకరు వచ్చిన మర్నాటి నుంచే మాలో అతనికి కొత్తల్లుడని పేరు పడింది. ఇచ్చిన కారు రంగు బాగాలేదని అలిగాడు, ప్రాక్టీసుకి రాలేదు. కాలరు గీరుకుంటోందని అలిగాడు, నేను కాలర్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. క్షవరానికి అతనికో ప్రత్యేకమైన మనిషి, ఆ మనిషికి హోటల్లో గది, అదీ క్లబ్బు ఖర్చే. గోల్ పోస్టు ఎదురుగా నిలబెట్టి బంతి కాళ్ళ దగ్గర పెట్టినా ఆకాశంలోకి కొట్టేవాడు. సిమెంటాయన మాత్రం అతని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

అయితే లీగులో ఒక రూలుంది. క్లబ్బు సంపాదనలో జీతాల ఖర్చు ఒక హద్దు దాటకూడదు. దాటితే కొత్త ఆటగాళ్ళని ఆడనివ్వరు, మరీ దాటితే క్లబ్బునే ఆపేస్తారు. కొత్తల్లుడి జీతంతోనే ఆ హద్దు దాదాపు నిండిపోయింది. బుద్ధున్నవాడైతే అల్లుడి జీతం తగ్గిస్తాడు. సిమెంటాయన మమ్మల్ని మీటింగుకి పిలిచాడు.

"ఇవాళ్టి నుంచి ఈ క్లబ్బులో పనివాళ్ళంటూ ఎవరూ లేరు. మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు మైకులో.

చప్పట్లు కొట్టాం.

"మరి ఇంట్లోవాళ్ళు ఇంటి పని చేసుకుంటే జీతం అడుగుతారా?"

చప్పట్లు ఆగిపోయాయి. మామయ్య ఒక్కడే ఇంకా కొడుతున్నాడు, ఆయనకి కాస్త చెవుడు.

నేను లేచాను. "మరి మేం తినేదేంటండీ?"

"చేతిఖర్చుకి నేనిస్తాగా. ఇంటి పెద్దని కదా."

"ఎంతిస్తారు?"

"సొంత ఇంట్లో లెక్కలేంటి అక్కా" అన్నాడు నవ్వుతూ. వయసులో నాకంటే పెద్దవాడే. అంతకుముందు నన్నెప్పుడూ పలకరించినవాడు కాదు. క్లబ్బులో అందరూ నన్ను అక్కా అంటారని ఎవరో చెప్పినట్టున్నారు.

ఆటగాళ్ళకి లీగుతో రాతకోతలున్నాయి కాబట్టి వాళ్ళని ముట్టుకోలేదు. మిగిలినవాళ్ళం మాత్రం బంధువులమైపోయాం. టీ మానేయడం ఇంటి పొదుపయింది. టికెట్ల గుమాస్తాను పీకేసి, వేరు కాపురం పెట్టించామన్నారు. కొత్తల్లుడికి మరో కారొస్తే, ఇంటి మర్యాద అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదివరకైతే ఆఫీసుకెళ్ళి కడిగిపారేసేదాన్నే. కానీ సిమెంటాయన నన్ను ముందే పక్కకి పిలిచి మాట్లాడాడు. లీగు ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడట.

"మేం పనివాళ్ళం కాదు, కుటుంబం అని చెప్పు చాలు. లెక్క నెగ్గితే కెప్టెన్ సీజనుకి ఏ ఢోకా ఉండదు" అన్నాడు.

సరేనన్నాను. తమ్ముడి పేరెత్తితే నేనింక దేనికీ ఎదురుచెప్పలేను, ఆ సంగతి ఆయనా కనిపెట్టాడు.

లీగు ఆఫీసరు బక్కపలచని మనిషి. నా గదిలోకి వస్తూనే సబ్బుపొడి ఘాటుకి తుమ్ములు మొదలుపెట్టాడు. కూర్చోమని మూలనపడ్డ మెషీను మీద తువ్వాళ్ళు తీసి చోటు చేశాను.

"మీరిక్కడ ఉద్యోగం చేస్తారా?"

"లేదండీ. మేం కుటుంబం."

"అంటే ఓనరుగారికి మీరేమవుతారు?"

"అక్కనండీ."

సరిగ్గా అప్పుడే సిమెంటాయన గుమ్మంలో తల పెట్టి, "అక్కా, సారుకి కాఫీ చెప్పావా?" అన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

"సొంత అక్కేనా?"

అక్కడ ఆగాల్సింది. నా నోరు ఆగితే కదా. "సొంతం కాకపోతే ఇన్నేసి నిక్కర్లు ఊరికే ఉతుకుతానా?" అన్నాను.

"ఇంకా తోబుట్టువులున్నారా?"

మా తమ్ముడి గురించి ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. "ఒక్క తమ్ముడండీ. ఈ జట్టు కెప్టెనే. ఒకే కడుపున పుట్టాం" అన్నాను గొప్పగా.

ఆఫీసరు పెన్ను ఆగింది. గుమ్మంలో సిమెంటాయన ముఖం తను అమ్మే సరుకు రంగులోకి మారింది. పప్పులో కాలేశానని అర్థమైంది, ఏ పప్పో మాత్రం అర్థం కాలేదు.

"ఓనరు రక్తసంబంధీకులు జట్టులో ఆడకూడదు. సొంతవాళ్ళ పేరు పెట్టి డబ్బు దాచేవాళ్ళున్నారని ఆ రూలు పెట్టాం. మీరు ఆయనకి అక్క, కెప్టెన్ మీకు తమ్ముడు. అంటే కెప్టెన్ పేరు కొట్టేయాలి" అన్నాడు ఆఫీసరు. "రేపు ఇద్దర్నీ కూర్చోబెట్టి అడుగుతాను."

ముప్ఫై ఏళ్ళుగా కాపాడుకొచ్చిన తమ్ముడి బతుకుని గొప్పలకు పోయి నా చేతులతోనే చెడగొట్టాను.

సిమెంటాయన నన్నూ మా తమ్ముణ్ణీ తన గదికి పిలిచాడు. ఆయనకీ భయంగానే ఉంది. జనం కొత్తల్లుణ్ణి చూస్తే ఈలలేసి వెక్కిరిస్తున్నారు, టికెట్లు కొనేది మా తమ్ముడి కోసం.

"ఒకటే దారి. రేపు కెప్టెన్ నీకేమీ కాడని చెప్పు. ఊరికే పిలుపు వరస అను. నీకు పెళ్ళయింది, ఇంటిపేర్లు కూడా కలవవు."

"అదెందుకండీ, నిజం చెప్పేస్తే పోలా? మీరే నాకేమీ కారని?"

"అప్పుడు మీరందరూ జీతగాళ్ళవుతారు, లెక్క దాటిపోతుంది. క్లబ్బే ఆగిపోతే మీ తమ్ముడు ఎక్కడాడతాడు, మా పెరట్లోనా?"

మా తమ్ముడు అంతసేపూ తలొంచుకుని బూట్ల లేసులు చూసుకుంటూ నిలబడ్డాడు. బయటికొచ్చాక, "ఉత్త మాటే కదక్కా" అన్నాడు.

"ఉత్త మాటేలే" అన్నాను.

ఆ సాయంత్రం జెర్సీలు మడతపెడుతూ ఆ ఉత్త మాటని సాధన చేశాను. "అతను నాకేమీ కాడండీ." నాలుగైదుసార్లు మొదలుపెట్టాను. ఒక్కసారీ చివరిదాకా రాలేదు. అయినా వాడి కోసం కదా, రేపటికి వస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల, కప్పులు పెట్టాల్సిన అద్దాల బీరువాలో పూలకుండీలు. ఈ చివర నేను, ఆ చివర మా తమ్ముడు, మధ్యలో ఆఫీసరు. సిమెంటాయన కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఈయన మీకేమవుతారు?" అని నన్నడిగాడు ఆఫీసరు.

నోరు తెరిచాను. టీచర్లతో, కోచ్‌లతో, ఎదురింటి పొరుగింటివాళ్ళతో పోట్లాడిన నా నోరు పెగల్లేదు. సిమెంటాయన దగ్గాడు. నేను బల్ల మీద చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఆఫీసరు మా తమ్ముడి వైపు తిరిగాడు.

"పోనీ మీరు చెప్పండి. ఈవిడ మీకేమవుతారు?"

వాడూ తడబడతాడనుకున్నాను. నా వైపు చూస్తాడు, అప్పుడు ధైర్యం తెచ్చుకుని నేనే అనేస్తాను, ఆ పాపం వాడికెందుకు అనుకున్నాను. వాడు నా వైపు చూడలేదు.

"మా క్లబ్బులో బట్టలు ఉతుకుతారండీ" అన్నాడు. "జీతానికి."

మ్యాచ్ అయ్యాక విలేకరులతో మాట్లాడతాడే, అంత తేలిగ్గా అన్నాడు.

"మరి అక్క అంటారటగా?"

"అందరూ అంటారండీ."

ఆఫీసరు కాగితం మీంచి తలెత్తి, "జీతానికా?" అన్నాడు.

కిటికీ దగ్గర సిమెంటాయన ఇరుక్కుపోయాడు. కెప్టెన్ చెప్పింది అబద్ధమని తనంటే కెప్టెన్ పోతాడు, నిజమేనంటే నా జీతం లెక్కలోకొస్తుంది. చివరికి, "ఆవిడొక్కరేనండీ. ఆవిడకీ మాకూ ఏ చుట్టరికం లేదు. మిగతావాళ్ళంతా కుటుంబమే" అన్నాడు. ఆఫీసరు అలాగే రాసుకుని, తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. నా జీతం హద్దులో ఇమడాలంటే ఎక్కడో కోత పెట్టాలి కాబట్టి, కొత్తల్లుడి క్షవరం మనిషిని పంపించేశారు. కొత్తల్లుడు అలిగి తర్వాతి మ్యాచ్ ఆడలేదు. ఆ మ్యాచ్ మేం గెలిచాం.

మా తమ్ముడి పేరు జాబితాలో నిలిచింది. నేను కోరుకున్నది అదే. వాడి కోసం ఆ మాట నేనే అందామనుకున్నాను, వాడు తన కోసం అనేశాడు. ఫలితం ఒకటే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా నాకు మింగుడు పడలేదు. వాడి మీద కోపం లేదని అంటే అబద్ధం. ఆ వారమంతా మెషీన్ల చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చాను.

నెలాఖరున మాసిన జెర్సీల మూట మోసుకుంటూ వాడే వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"కోపమా?" అన్నాడు.

"మూట అక్కడ పెట్టండి బాబూ" అన్నాను.

వాడు మూట దించాడు. "సీజను మిగిలింది కదా. నీకు సంతోషం కాదా?"

"సంతోషమే."

తల ఊపి వెళ్ళిపోయాడు. వాడటు వెళ్ళగానే ఆఫీసులో లెక్కలు చూసే ఆయన కవరు తెచ్చి నా చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. గుమ్మం దగ్గర మామయ్యా, కాపలావాళ్ళూ, వంటవాళ్ళూ గుంపుగా నిలబడి ఆ కవరు వంకే చూస్తున్నారు. వాళ్ళకి ఆ నెల చేతిఖర్చు కూడా రాలేదు.

"నీకేంటమ్మా, అదృష్టవంతురాలివి" అన్నాడు మామయ్య. "నీకిక్కడ నా అన్నవాళ్ళు ఎవరూ లేరు."