పిలుపు రాని సాయంత్రం

అత్త జయమ్మాళ్‌ను ఎడమవైపుకు ఒత్తిగిలబెట్టి, వీపు తుడిచి, పౌడరు అద్దేసరికి పొద్దున ఐదున్నర అయింది. అంతకుముందే హేమావతి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. కుళాయి వచ్చినంతసేపూ బిందెలు నింపింది. అత్త దుప్పటి ఉతికి ఆరేసింది. ఇక స్నానం చేసి, గోడలోని చిన్న పూజగూటి ముందు కూర్చుని దీపం వెలిగించి కళ్ళు మూసుకుంది.

"హేమా! నీళ్ళు!"

లేచి నీళ్ళిచ్చి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఏమే, ఫ్యాను తగ్గించు. చలి."

తొమ్మిదేళ్ళుగా ఇంతే. భర్త సీతాపతి చనిపోయిన ఏడాదే అత్త తుంటి విరిగి మంచం పట్టింది. పిల్లలు లేరు. రోజూ పది నిమిషాలు పెరుమాళ్ళ ముందు కూర్చోవాలని హేమావతి అనుకున్నదీ అప్పుడే. ఏమి అడగాలో మొదట్లో తెలియలేదు. తర్వాత తర్వాత అడగడమే మరిచిపోయింది. ఊరికే కూర్చుంటే లోపల కాస్త చోటు ఖాళీ అవుతుంది, అది చాలు. ఆ పది నిమిషాలు కూడా ఇంట్లో ఏ రోజూ పూర్తిగా దక్కలేదు.

ఇంటి దగ్గర కదిర్కామంలో బస్సెక్కి మేట్టుపాళయంలో దిగింది. అట్టపెట్టెలు చేసే షెడ్డులో ఆమెది పిన్నులు కొట్టే యంత్రం. పెడల్ తొక్కితే ఒక పిన్ను. పెట్టెకు ఆరు. కుడిచేతి బొటనవేలికి స్పర్శ పోయి రెండేళ్ళయింది. జుట్టులో, కనుబొమల్లో అట్టపొడి. పక్క యంత్రం దగ్గరి మహాలక్ష్మి ఏదో చెప్పి నవ్వింది. ఆ చప్పుడులో మాట వినబడకపోయినా హేమావతీ నవ్వింది.

మధ్యాహ్నం కరెంటు పోయి షెడ్డంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. హేమావతి పెట్టెల దొంతరకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. పెరుమాళ్ళా అని మనసులో అనుకుందో లేదో, జనరేటరు మోగింది.

ఆరింటికి ఇల్లు చేరింది. పగలంతా ముసలామెను చూసుకునే పక్కింటి రంగమ్మాళ్, "ఈపొద్దు సరిగ్గా తినలే" అని చెప్పి వెళ్ళిపోయింది. హేమావతి వేడినీళ్ళ సంచి అత్త మోకాళ్ళ కింద సర్ది, రసం అన్నం మెత్తగా పిసికి పెట్టింది. నాలుగు ముద్దలకే జయమ్మాళ్ తల తిప్పుకుంది. కోడలి మొహంకేసి చాలాసేపు చూసింది.

"తలంతా ఏందే, అంత దుమ్ము?"

"అట్టపొడి అత్తా. దినమూ ఉండేదే."

"నేను చూడలే. పో, నీ సామి కాడ కూర్చో. నేను పిలవను."

హేమావతి నమ్మలేదు. దీపం పెట్టి కూర్చుందేగాని చెవులు మంచం వైపే ఉన్నాయి. ఇప్పుడు పిలుస్తుంది, ఇదిగో ఇప్పుడు. వీధిలో బండి పోయింది. ఎవరింట్లోనో కుక్కరు కూసింది. పిలుపు రాలేదు. భుజాలు వాటంతటవే దిగాయి. పొద్దంతా పెడల్ తొక్కిన కాలు అదరడం మానింది. ఆ తర్వాత ఏమీ లేదు. దుఃఖం లేదు, సంతోషం లేదు, తానున్నానన్న బరువు కూడా లేదు.

కళ్ళు తెరిచేసరికి అరగంట దాటింది.

"అత్తా" అంటూ లేచింది.

జయమ్మాళ్ కళ్ళు సగం మూసి ఉన్నాయి. కుడిచేతిని నమ్మక, హేమావతి ఎడమచేతి వేళ్ళు ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"ఎప్పుడు పోయినాది?" రంగమ్మాళ్ అడిగింది.

"తెలవదక్కా. సామి ముందర కూర్చోనుంటి. పిలవనని చెప్పె. పిలవలే."

మాట నిలబెట్టుకుందో, పిలవాలన్నా గొంతు పెగలలేదో, ఇక అడగడానికి లేదు. హేమావతికి ఏడుపు రాలేదు. రంగమ్మాళ్ దీపం కొండెక్కించి పూజగూటి తలుపులు మూసింది.

"మైల కదా, పదహారు దినాలు తెరవకూడదు, హేమా."

"సరే అక్కా."

నలుగురు వచ్చి ముసలామెను ముందుగదిలోని బెంచీ మీదికి మార్చారు. హేమావతి లోపలే ఉండిపోయింది. ఖాళీ మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎవరూ పిలవలేదు. చెయ్యి దేనికో తగిలింది. అత్త మోకాళ్ళ కింద పెట్టిన వేడినీళ్ళ రబ్బరు సంచి, పరుపులో పడిన గుంటలో ఒక పక్కకు ఒరిగి, ఇంకా గోరువెచ్చగానే ఉంది.