లేవని మనిషి

ఆ ఆదివారం ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపీ ఇవ్వలేదు. కొబ్బరి మట్టల మీదికి దిగి ఊరికే ఉంది. కృపావతి తెల్లారకముందే కోడికూర వండి, భర్త శామ్యూల్ చొక్కా ఇస్త్రీ చేసి, అందరి తరవాత తల దువ్వుకుంది. చర్చి అయ్యాక, కొత్తపేటలో కాలవ పక్కన కొత్తగా తెరిచిన పార్కు చూసి వెళ్దామంది కూతురు సుప్రియ.

శామ్యూల్ ఫోన్ మాట్లాడుతూ గేటు దగ్గరే ఆగిపోయాడు. సుప్రియ పూలమొక్కల వైపు వెళ్లింది. కృపావతికి మోకాళ్లు లాగుతున్నాయి. బెంచీ మీద ఒకావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన గంప.

"గంప కాస్త జరుపుతారాండీ?"

ఆవిడ జరపలేదు. వినబడలేదేమోనని కృపావతి ఇంకోసారి అడిగింది. అప్పుడు చూసింది, ఆవిడ రెప్ప వెయ్యడం లేదు. బొమ్మ. మడమల పగుళ్లు, ముంజేతి నరాలు, విడిచిన చెప్పుల్లో ఎడమదానికి తెగిన పట్టీని పట్టి ఉంచిన పిన్నీసు. చేసినవాడు ఏదీ వదల్లేదు.

ఆ పిన్నీసు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

అమ్మ చెప్పుకీ అలాగే ఉండేది. ముక్తేశ్వరంలో అమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్లేది. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలో ఇలాగే కాళ్లు చాపేది. ఆ ఒడిలో తల పెడితే చీరంతా నానిన పీచు వాసన. లోకంలో అంతకంటే మంచి వాసన ఉంటుందని అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఆ ఒడి ఎంతోసేపు ఉండేది కాదు. వీధి మలుపులో నాన్న సైకిలు గంట వినబడితే చాలు, అమ్మ దిగ్గున లేచేది. తల గచ్చుకి తగిలేది. నాన్న ఎన్నడూ లెమ్మనలేదు. లేవకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, అమ్మ ఒక్కసారైనా లేవకుండా ఉండలేదు గనక. తరవాత తను కాపురానికి వచ్చింది. "కుర్చీలు మగాళ్లకని తెచ్చేమమ్మా, నువ్వు చాపేసుకో" అంది అత్తగారు, కోపంగా కూడా కాదు. ఇప్పుడు ఇంట్లో భోజనాల బల్ల ఉంది. తన కుర్చీ మీద మాత్రం ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టలుంటాయి.

గంప ఇవతల మిగిలిన చోట ఒదిగి కూర్చుని, బొమ్మ ఒడిలో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. అయినా కదలకుండా ఉంది.

"బొమ్మతో కబుర్లేంటే?" శామ్యూల్ గొంతు. "నీకంటే నయం, ఎదురు చెప్పదు."

కృపావతి అప్పటికే లేచి నిలబడింది. ఆయన కూర్చుంటానని అనలేదు. గొంతు వినగానే కాళ్లు వాటంతటవే లేచాయి. లేచాక పక్కకి చూసింది. ఆవిడ లేవలేదు.

శామ్యూల్ ఖాళీ అయిన చోట కూర్చున్నాడు. "సుప్రియా, ఓ ఫొటో తియ్యమ్మా. చూసేవా, మగాడొచ్చినా లేవలేదు. ఎంత పొగరో."

సుప్రియ నవ్వుతూ తీసింది. అమ్మ ఒక్క సాయంత్రం ఇలా కూర్చుండిపోయి ఉంటే బాగుండేది అనుకుంది కృపావతి, సైకిలు గంట మోగుతున్నా తన తలని అలాగే ఉండనిచ్చి.

ఇంటికొచ్చి కూరా అన్నం బల్ల మీద పెట్టింది. మూడు కంచాల్లో వడ్డించింది. తన కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసి, కూర్చుంది. శామ్యూల్ ఓసారి చూశాడు. నాలుగు ముద్దలు తిని, "నీళ్లు" అన్నాడు.

సుప్రియ కుర్చీ వెనక్కి జరిపింది. అది ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. కృపావతి ఎడమచేత్తో కూతురి మణికట్టు పట్టుకుంది.

"కూచోమ్మా. తిను."

"నీళ్లన్నానే" అన్నాడు శామ్యూల్.

"ఆయ్, విన్నానండి. గ్లాసు బిందె మీదే ఉందండి."

ఎవరూ కదల్లేదు. కాసేపటికి శామ్యూల్ లేచి వెళ్లి, ఒక్క గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని కూర్చున్నాడు. కృపావతి కూతురి చెయ్యి వదిలింది. బల్ల కింద కాళ్లు చాపుకుంది. ముగ్గురూ అన్నం తిన్నారు.